ఊషార్ కుటుంబం: మూడు తరాల ఫ్రెంచ్ కమానుల పని ఎలా నిలబడింది, ఎక్కడ తెగబోయింది

క్లుప్తంగా

ఫ్రాన్స్ తూర్పున ఉన్న మీర్‌కూర్ అనే చిన్న పట్నంలో మొదలైన ఊషార్ కుటుంబం మూడు తరాల పాటు వయొలిన్ కమానులు, అంటే తీగల మీద ఆడించి వాయించే కర్రలు, చేసింది. తాత వర్క్‌షాపు నడిపాడు, కొడుకు ఆ పనిని పారిస్‌కూ అమెరికాకూ తీసుకెళ్లాడు, మనవడు 1971లో సొంతూరికి తిరిగొచ్చి బడిలో పాఠం చెప్పాడు. ఈ రోజు పేరున్న ఫ్రెంచ్ కమాను పనివాళ్లలో చాలామంది ఆ తరగతి నుంచి గానీ, ఆ తరగతిలో నేర్చుకున్నవాళ్ల దగ్గర నుంచి గానీ వచ్చినవాళ్లే. ఇప్పుడు వాళ్ల ముందున్న సమస్య వేరు. నేర్పేవాళ్లు ఉన్నారు, నేర్చుకునేవాళ్లూ ఉన్నారు, కావలసిన బ్రెజిల్ చెక్క మీదే ఆంక్షలు బిగుసుకుంటున్నాయి.

కమాను వార్తల్లోకి ఎందుకు వచ్చింది

2022 నవంబరులో పనామాలో సైటీస్ సమావేశం జరిగింది. అంతరించిపోతున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం అది. అందులో బ్రెజిల్ ఒక ప్రతిపాదన పెట్టింది. తమ దేశంలో పెరిగే పెర్నాంబుకో చెట్టును అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చాలని అడిగింది. ఆ చెట్టు బ్రెజిల్ జాతీయ వృక్షం, 1978 నుంచి చట్టప్రకారమే ఆ హోదా ఉంది. ఆ మాట బయటికి రాగానే ప్రపంచంలోని ఆర్కెస్ట్రాలు, వయొలిన్ విద్వాంసులు, కమాను పనివాళ్లు అందరూ టెన్షన్ పడ్డారు, ఎందుకంటే రెండు వందల ఏళ్లకు పైగా మంచి కమాను అంటే ఆ చెక్కతో చేసిందనే లెక్క. చివరికి చెట్టును అనుమతులతో వ్యాపారం సాగే రెండో అనుబంధంలోనే ఉంచి, షరతులు మాత్రం బిగించారు. 2025లో సమర్‌కండ్ సమావేశానికి బ్రెజిల్ మళ్లీ అదే ప్రతిపాదన తెచ్చింది.

ఈ గొడవ చదివిన మామూలు పాఠకుడికి రెండు సందేహాలు వస్తాయి. అరవై గ్రాముల బరువుండే ఒక కర్రకు ఇంత పట్టింపు ఎందుకు? ఆ కర్ర చేయడంలో ఫ్రాన్స్‌కు, అందులోనూ కొన్ని కుటుంబాలకు, అంత పేరు ఎలా వచ్చింది? వీటికి జవాబు వెతికేటప్పుడు ఊషార్ కుటుంబం కథ బాగా పనికొస్తుంది. ఫ్రెంచ్ కమాను కుటుంబాల్లో వీళ్లు అందరికంటే పాతవాళ్లు కాదు, వీళ్ల కమానులు అన్నిటికంటే ఖరీదైనవీ కావు. కానీ ఒక చేతిపని ఎలా పెరుగుతుంది, ఎలా చెదిరిపోతుంది, ఎలా మళ్లీ నిలబడుతుంది అన్న మూడు దశలూ ఒకే ఇంట్లో కనిపించేది వీళ్ల దగ్గరే.

ముందు కర్ర సంగతి

కమాను అంటే గుర్రపు వెంట్రుకలు బిగించిన కర్ర, అంతేగా అనిపిస్తుంది. నిజానికి శబ్దంలో సగం పని దానిదే. వెంట్రుకలు తీగను పట్టుకుని వదులుతూ ఉంటేనే తీగ మోగుతుంది. ఆ పట్టు ఎంత సమానంగా ఉంటుంది, కమాను తీగ మీద ఎగిరి ఎంత త్వరగా కుదురుకుంటుంది, మొన దగ్గర కూడా మధ్యలో వచ్చినంత బలం వస్తుందా లేదా అన్నవన్నీ కర్ర నిర్ణయిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దం మధ్య దాకా కమానులు ఒక్కో చోట ఒక్కోలా ఉండేవి. చాలావాటి కర్ర బయటికి వంగి గానీ, దాదాపు తిన్నగా గానీ ఉండేది, మొన తేలికగా ఉండేది. పారిస్‌లో తూర్త్ కుటుంబం దీన్ని మార్చింది. తండ్రి నికొలా పియెర్, ఆయన ఇద్దరు కొడుకులు ఈ పనిలో ఉన్నారు. చిన్న కొడుకు ఫ్రాన్స్వా జేవియే తూర్త్ మొదట గడియారాల పని నేర్చుకున్నాడని చెబుతారు. 1780ల నుంచి, ఇటలీ వయొలిన్ విద్వాంసుడు వియోత్తీ పారిస్‌కు వచ్చిన తర్వాతి కాలంలో, ఆయన చేతిలో కమానుకు ఇప్పటి రూపం వచ్చింది: కర్ర వెంట్రుకల వైపుకు లోపలికి వంగి ఉంటుంది, పొడవు సుమారు 74 సెంటీమీటర్లు, మొన కాస్త బరువు, వెంట్రుకలు రిబ్బనులా వెడల్పుగా పరుచుకుని ఉంటాయి.

లోపలి వంపు వల్ల ఏం జరుగుతుందో కొంచెం ఆగి చూడాలి. మర తిప్పి వెంట్రుకలు బిగిస్తే కర్ర తిన్నబడాలని చూస్తుంది కానీ పూర్తిగా తిన్నబడదు, కాబట్టి బిగువు మొదలు నుంచి మొన దాకా దాదాపు ఒకేలా నిలుస్తుంది. గట్టిగా నొక్కినా కర్ర వెళ్లి తీగకు తగలదు, నొక్కు తీసేస్తే కర్ర వెంటనే తన ఆకారానికి వచ్చేస్తుంది. తీగ మీద కమాను గెంతుతూ వాయించే పద్ధతులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

వంపును రంపంతో కోసి తేవచ్చు కదా అంటే, అలా కోస్తే చెక్క నార మధ్యలో తెగిపోతుంది, తెగిన చోట కర్ర బలహీనమవుతుంది. అందుకని కర్రను తిన్నగానే చీల్చి, చిత్రిక పట్టి, ఎనిమిది పలకలుగా తీర్చి, తర్వాత మంట మీద వేడి చేసి వంచుతారు. పనివాడు కర్రను మంటకు కాస్త పైన తిప్పుతూ ఉంటాడు, లోపలి దాకా వేడి పట్టేవరకూ తొందరపడడు. పైపైన వేడెక్కిన కర్రను వంచితే రెండు వారాల్లో మళ్లీ తిన్నబడిపోతుంది, మరీ కాల్చేస్తే నార చచ్చిపోతుంది. వేడెక్కిన చోట బల్ల అంచుకు ఆనించి నొక్కుతాడు, కదలకుండా పట్టుకుని చల్లారనిస్తాడు, ఒక కన్ను మూసి మొదలు నుంచి మొన దాకా చూస్తాడు, పక్కకు ఏమైనా తిరిగిందేమో పరీక్షిస్తాడు, మళ్లీ మంట దగ్గరికి వెళ్తాడు. ఒక్క కర్రకే ఇలా చాలాసార్లు చేయాలి. ఆ తర్వాత లావు తగ్గించడం. తూర్త్ కర్రలను పంతొమ్మిదో శతాబ్దంలో కొలిచిన జాన్ బాప్తీస్త్ వీయోమ్ లెక్క ప్రకారం చేయి పట్టుకునే చోట కర్ర మందం 8.6 మిల్లీమీటర్లు, మొన దగ్గర 5.3 మిల్లీమీటర్లు. ఆ మూడు మిల్లీమీటర్ల తేడాను కర్ర పొడవునా ఎక్కడ ఎంత పంచాలన్నదే అసలు విద్య. చిత్రిక ఒక్కసారి ఎక్కువ లాగితే కమాను మెత్తబడిపోతుంది, తీసేసిన చెక్కను మళ్లీ పెట్టలేరు.

పెర్నాంబుకో చెక్కకు ఇక్కడ గిరాకీ ఎందుకంటే అది బరువు, గట్టిదనం, సాగే గుణం మూడూ కలిసిన చెక్క. మంచి ముక్క నీళ్లలో మునిగిపోతుంది కూడా. అన్నిటికంటే ముఖ్యంగా, మంట మీద ఇచ్చిన వంపును దశాబ్దాల పాటు వదలదు. అది పారిస్‌కు వచ్చింది మాత్రం కమానుల కోసం కాదు, బట్టలకు ఎర్రరంగు వేయడం కోసం. ఓడల నిండా వచ్చేది కాబట్టి కమాను పనివాడు పది ముక్కలు చూసి ఒకటి ఎంచుకుని మిగతావి వదిలేయగలిగేవాడు. 1856లో మొదటి కృత్రిమ రంగు వచ్చాక ఆ వ్యాపారం క్రమంగా పడిపోయింది. ఫ్రెంచ్ కమాను పని వేరే పరిశ్రమ తెచ్చిపెట్టిన సరుకు మీద ఎదిగిందన్న విషయం ఈ రోజు చర్చల్లో ఎవరూ పెద్దగా ప్రస్తావించరు, ప్రస్తావించాలి.

మీర్‌కూర్ పట్నం, పేరు లేని పనివాళ్లు

పారిస్‌కు పేరొచ్చింది కానీ చేతులు మీర్‌కూర్‌వి. లొరేన్ ప్రాంతంలో, వోజ్ జిల్లాలో ఉన్న ఈ పట్నంలో పదిహేడో శతాబ్దం నుంచే వయొలిన్ల పని ఉంది. పారిస్‌లో వయొలిన్ వ్యాపారాన్ని ఏలిన వీయోమ్ ఇక్కడివాడే. ఆయన దగ్గర పనిచేసి, తూర్త్ తర్వాత అంతటివాడని ఇప్పుడు అందరూ ఒప్పుకునే దొమినిక్ పెకాత్ (1810–1874) కూడా ఇక్కడే పుట్టాడు. సన్నని, నాజూకైన కమానులకు పేరుపడ్డ వ్వారాన్, ఇరవయ్యో శతాబ్దంలో ఆర్కెస్ట్రా వాళ్లు వెతికి కొనుక్కున్న సార్తోరీ, వీళ్లంతా మీర్‌కూర్ బిడ్డలే.

ఇక్కడి పద్ధతి తెలిస్తే కమానుల మీద ముద్రల గందరగోళం సగం తీరుతుంది. పిల్లలు పన్నెండు, పదమూడు ఏళ్లకే వర్క్‌షాపులో చేరేవాళ్లు. ఒకరు కర్రలు చేస్తే ఇంకొకరు చేత్తో పట్టుకునే వైపు ఉండే ఎబొనీ ముక్క, అంటే ఫ్రాగ్, చేసేవారు. తయారైన సరుకు పెద్ద కంపెనీలకు, పారిస్, లండన్ డీలర్లకు వెళ్లేది. కమాను మీద కొట్టే ముద్ర చాలాసార్లు అమ్మినవాడి పేరే, చేసినవాడిది కాదు. వీయోమ్ ముద్ర ఉన్న కమాను పెకాత్ చేసి ఉండొచ్చు, వ్వారాన్ చేసి ఉండొచ్చు, వేరెవరైనా చేసి ఉండొచ్చు. ఇందులో మోసం ఏమీ లేదు, అప్పటి వ్యాపార రివాజు అంతే. కాకపోతే దాని ఫలితం ఏమిటంటే, బతికినన్నాళ్లూ వేల కర్రలు తీర్చిన మనుషుల్లో చాలామంది పేర్లు వాళ్ల వస్తువుల మీద లేవు. వాటిని ఇప్పుడు మొన చెక్కిన తీరు, ఉలి గీతలు, ఫ్రాగ్ కొలతలు చూసి నిపుణులు ఒక్కొక్కటిగా గుర్తుపట్టాల్సి వస్తోంది.

మొదటి తరం: వర్క్‌షాపు యజమాని

ఎమిల్ ఫ్రాన్స్వా ఊషార్ 1872లో పుట్టాడు. కుర్రతనంలోనే మీర్‌కూర్‌లోని క్యూనియో-యూరీ వర్క్‌షాపులో పనికి చేరాడు. అంటే ఊషార్ల విద్య ఊషార్ల ఇంట్లో పుట్టింది కాదు, ఇంకో కుటుంబం నుంచి వచ్చింది. యజమాని పోయాక ఆయన భార్య తరఫున వర్క్‌షాపు నడిపించే బాధ్యత ఊషార్ మీద పడింది, 1920లలో అది ఆయన సొంతమైంది.

ఆయన కాలంలో అక్కడ తయారైనవి ఎక్కువగా వ్యాపార సరుకే. అన్ని ధరల్లోనూ కమానులు చేసేవాళ్లు, నేర్చుకునే విద్యార్థికి ఒక రకం, వృత్తి వాద్యకారుడికి ఇంకో రకం. వ్యాపార సరుకు అనగానే చిన్నచూపు చూసే అలవాటు సేకరణదారుల్లో ఉంది, అది సరికాదు. రోజూ డజన్ల కొద్దీ కర్రలు చేతుల మీదుగా వెళ్తేనే ఏ ముక్క ఎలా వంగుతుందో వేళ్లకు తెలుస్తుంది. నాసిరకం చెక్కతో కూడా వాయించదగ్గ కమాను తీయడం నేర్చుకున్నవాడికి మంచి చెక్క దొరికితే ఏం చేయాలో వేరే చెప్పక్కర్లేదు. గొప్ప కమానులు చేసిన పెకాత్ గానీ, సార్తోరీ గానీ ఇలాంటి వర్క్‌షాపుల్లో చేయి తిరిగినవాళ్లే.

కొడుకు ఎమిల్ ఓగూస్త్ 1900లో పుట్టి ఈ వర్క్‌షాపులోనే పెరిగాడు. తండ్రే గురువు, తండ్రే యజమాని.

రెండో తరం: ఊరు వదిలిన కొడుకు

1929 తర్వాత మీర్‌కూర్ మీద దెబ్బ మీద దెబ్బ పడింది. అమెరికా ఆర్థిక సంక్షోభంతో ఎగుమతులు పడిపోయాయి. అదే సమయంలో మాటల సినిమా వచ్చింది. మూకీల కాలంలో ప్రతి పెద్ద థియేటర్‌లోనూ తెర ముందు కూర్చుని వాయించే చిన్న ఆర్కెస్ట్రా ఉండేది, అందులో వయొలిన్ వాద్యకారులు ఉండేవారు, వాళ్లకు కమానులు కావాలి. రెండు మూడేళ్లలో ఆ ఉద్యోగాలు పోయాయి. జర్మనీలో మార్క్‌నాయ్‌కిర్షెన్ నుంచి చవక సరుకు పోటీ ఎప్పటి నుంచో ఉండనే ఉంది. తర్వాత యుద్ధం.

ఎమిల్ ఓగూస్త్ 1940 దరిదాపుల్లో పారిస్‌కు మారాడు, 1946లో అమెరికా వెళ్లాడు. మొదట న్యూయార్క్, ఆ తర్వాత షికాగో. చివరి దశలో ఫ్రాన్స్‌కు తిరిగొచ్చి 1969లో చనిపోయాడు. ఆయన కమానులు తండ్రి కమానులతో పోలిస్తే గట్టివి, మొన దిట్టంగా ఉంటుంది, పెకాత్ తరహా బలం వాటిలో కనిపిస్తుంది. పెద్ద హాళ్లు, లోహపు తీగలు, వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఉన్న కాలంలో సోలో వాయించేవాళ్లకు అలాంటి కమానే కావాల్సి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచ్ పనివాళ్లలో సార్తోరీతో పాటు ఆయన పేరు చెప్పడం మామూలే, ఆ మాటలో అతిశయోక్తి లేదు.

కొనేవాళ్లను తికమక పెట్టే విషయం ఒకటుంది. తండ్రి పేరూ ఎమిలే, కొడుకు పేరూ ఎమిలే, ఇద్దరి ముద్రలోనూ ఊషార్ అనే ఉంటుంది. పైగా చాలా ఏళ్లు ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో పనిచేశారు, కాబట్టి తండ్రి పేరు మీద బయటికి వెళ్లిన కొన్ని కమానుల్లో కొడుకు చేయి, వర్క్‌షాపులోని ఇతరుల చేయి ఉండటం సహజం. ధరలో మాత్రం తేడా చాలా ఉంటుంది, కొడుకు సొంతంగా చేసిన మంచి కమాను తండ్రి వర్క్‌షాపు సరుకు కంటే ఎన్నో రెట్లు పలుకుతుంది. అందుకే ఊషార్ అని రాసి ఉందని కొనేయడం కాకుండా, నిపుణుల సర్టిఫికెట్ ఉందా, ఏ ఊషార్ అని అందులో స్పష్టంగా రాశారా అన్నది చూడాలి.

వర్క్‌షాపు పరంగా చూస్తే కొడుకు వలస ఒక నష్టం. ఆయన గొప్ప కమానులు చేశాడు గానీ, మీర్‌కూర్‌లో తండ్రి కింద నడిచినట్టు పది మంది కుర్రాళ్లు చుట్టూ కూర్చుని నేర్చుకునే వాతావరణం ఆయనతో పాటు సముద్రం దాటలేదు. విద్య పైమెట్టు ఎక్కింది, నేర్చుకునేవాళ్ల సంఖ్య తగ్గింది. అప్పట్లో ఫ్రాన్స్ అంతటా జరిగింది ఇదే.

మూడో తరం: బడిలోకి వచ్చిన విద్య

మనవడు బెర్నార్ ఊషార్ 1925లో పుట్టాడు. ఇంట్లోనే పని నేర్చుకుని, 1940ల చివర్లో స్విట్జర్లాండ్ వెళ్లి జెనీవాలో వయొలిన్ల పనివాడు విదూదే దగ్గర చేరాడు. రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉన్నాడు. పాత కమానులు బాగుచేయడం, కొత్తవి చేయడం, స్థిరమైన జీవితం. ఆయన అక్కడే ఉండిపోయి ఉంటే తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఈలోగా మీర్‌కూర్‌లో పెద్ద ఫ్యాక్టరీలు మూతపడుతూ వచ్చాయి. 1960ల చివరికి కొత్తవాళ్లకు కమాను పని మొదటి నుంచి చివరి దాకా నేర్పే చోటు దేశంలో లేకుండా పోయే పరిస్థితి. పాత పనివాళ్లు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్లారు. పారిస్ వయొలిన్ నిపుణుడు ఎతియెన్ వాత్లో, ఆయన కూడా 1925లోనే పుట్టాడు, ప్రభుత్వం వెంటపడి మరీ మీర్‌కూర్‌లో జాతీయ వయొలిన్ తయారీ బడి తెరిపించాడు. 1970లో ఆ బడి మొదలైంది, 1971లో కమాను విభాగానికి బెర్నార్ ఊషార్‌ను పిలిచారు. ఆయన వచ్చాడు.

ఆయన 1979లో చనిపోయాడు. అంటే చెప్పిన పాఠం ఎనిమిదేళ్లదే, ఆయన తర్వాత ఆ విభాగం కూడా ఎక్కువకాలం నడవలేదు. అయినా ఆ కాస్త కాలంలో అక్కడ నేర్చుకున్నవాళ్లను చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. స్తెఫాన్ తొమాషో పారిస్‌లో సొంత వర్క్‌షాపు పెట్టి తర్వాతి తరాన్ని తయారు చేశాడు. జాన్ ఫ్రాన్స్వా రఫాన్ పాత ఫ్రెంచ్ కమానులను గుర్తించడంలో ప్రపంచం నమ్మే నిపుణుడయ్యాడు. బెన్వా రోలాన్ తర్వాత అమెరికాలో స్థిరపడి, కార్బన్ ఫైబర్ కమానుల్లో కూడా కొత్త దారి తీసి, 2012లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నాడు. వీళ్లలో ఎవరూ ఊషార్ ఇంటివాళ్లు కాదు.

ఎనిమిదేళ్లు ఎలా సరిపోయాయి? ఒక కారణం, పాత వర్క్‌షాపులో కుర్రాడు ఏళ్ల తరబడి ఒకే ముక్క చేస్తూ ఉండిపోయే అవకాశం ఉండేది, బడిలో ప్రతి విద్యార్థీ కర్ర నుంచి ఫ్రాగ్ దాకా మొత్తం కమాను తానే చేయాలి. రెండో కారణం నేర్పిన మనిషి చేతిలో ఉంది. తాత వర్క్‌షాపు వేగం, తండ్రి పట్టుదల, జెనీవాలో ఇరవై ఏళ్లుగా బాగుచేతకు వచ్చిన పాత కమానులను విప్పి లోపల చూసిన అనుభవం, మూడూ ఒకరి దగ్గరే ఉన్నాయి. విప్పి చూడటం చిన్న విషయం కాదు. ఫ్రాగ్ లోపలి గుంటను పాతకాలపువాళ్లు ఎంత లోతు తొలిచారు, వెంట్రుకల కట్టను ఎలా ముడివేశారు, జిగురు లేకుండా కేవలం సరిగ్గా అతికేలా కోసిన చిన్న చెక్కముక్కతో ఆ కట్టను ఎలా బిగించారు అన్నది బయటి నుంచి ఎంత చూసినా తెలియదు. వెంట్రుకలు మార్చిన ప్రతిసారీ ఆ ముక్క కొత్తగా కోయాలి, పిసరు పెద్దదైతే ఫ్రాగ్ పగులుతుంది, పిసరు చిన్నదైతే కచేరీ మధ్యలో కట్ట ఊడొస్తుంది.

రక్తసంబంధమా, వర్క్‌షాపా

ఫ్రెంచ్ కమానుల చరిత్రను కుటుంబాల జాబితాగా చెప్పడం రివాజు. తూర్త్‌లు, పెకాత్‌లు, బజాన్‌లు, లామీలు, మొరీజో సోదరులు, ఊషార్‌లు. చదవడానికి బాగుంటుంది, కానీ అసలు విద్య ఎలా చేతులు మారిందన్నది అందులో కనిపించదు.

బజాన్‌లను తీసుకుంటే, ఫ్రాన్స్వా జేవియే బజాన్ 1865లో నలభై ఒకటో ఏట చనిపోయేటప్పటికి కొడుకు షార్ల్ నికొలా వయసు పద్దెనిమిది. ఆ వయసులో వర్క్‌షాపు చేపట్టి మీర్‌కూర్‌లోనే పెద్దవాటిలో ఒకటిగా పెంచాడు, తర్వాత ఆయన కొడుకు లూయీ, మనవడు షార్ల్ ఆల్ఫ్రెడ్ అదే దారిలో నడిచారు. నాలుగు తరాలు. వాళ్లలో ఎక్కువమంది ఊరు వదల్లేదు, వర్క్‌షాపు చెదరలేదు, అందుకే గొలుసు అంత పొడుగు సాగింది. పెకాత్‌ల సంగతి వేరు. దొమినిక్, ఆయన తమ్ముడు ఫ్రాన్స్వా ఇద్దరూ గొప్పవాళ్లే, కానీ తమ్ముడు 1855లో ముప్పై నాలుగేళ్లకే పోయాడు. అప్పటికి ఆయన కొడుకు షార్ల్‌కు అయిదేళ్లు. తండ్రి దగ్గర ఆ కుర్రాడు నేర్చుకునే వీలే లేదు, ఇతరుల దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది. ఇక తూర్త్ పద్ధతి ప్రపంచమంతా పాకింది సొంత వారసుల వల్ల కాదు, ఆయన కర్రలను కొలిచి, అనుకరించి, అర్థం చేసుకున్న మీర్‌కూర్ వాళ్ల వల్ల.

కాబట్టి కుటుంబం చేసిన పని ఏమిటంటే, పిల్లవాడికి చిన్నప్పటి నుంచే పనిముట్ల మధ్య చోటు ఇవ్వడం, అప్పు పుట్టే పరపతి ఇవ్వడం, కొనేవాళ్లకు తెలిసిన పేరు ఇవ్వడం. విద్య మాత్రం ఎవరు పక్కన కూర్చుంటే వాళ్లకు వెళ్లింది. మన దగ్గర పోచంపల్లి, గద్వాల మగ్గాల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు: ఇంట్లో మగ్గం ఉండి గిరాకీ లేకపోతే కొడుకు పట్నం బస్సెక్కుతాడు, ఇంటిపేరు ఆ పనిని ఆపలేదు. ఊషార్ కుటుంబం విషయంలో అదే జరిగింది, కాకపోతే మూడో తరంవాడు తిరుగు బస్సెక్కాడు, ప్రభుత్వం ఆయనకు ఒక గది, జీతం, విద్యార్థులను ఇచ్చింది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫలితం వేరేలా ఉండేది.

ఇప్పుడు చెక్క దగ్గర చిక్కు

పెర్నాంబుకో పెరిగేది బ్రెజిల్ తూర్పు తీరంలోని అట్లాంటిక్ అడవిలో. 1500లో పోర్చుగీసువాళ్లు దిగినప్పటి నుంచి రంగు కోసం నరికారు, తర్వాత చెరకు తోటలకు, పట్నాలకు అడవినే కొట్టేశారు. చెట్టు తగ్గిపోవడానికి పెద్ద కారణం ఇదే. కానీ మిగిలిన కొద్ది చెట్ల మీద కమానుల కోసం జరిగే దొంగనరుకుడు భారమే, బ్రెజిల్ అధికారులు ఇటీవలి ఏళ్లలో దాని మీద దాడులు చేసి కేసులు పెట్టారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. అడవిని ఖాళీ చేసింది కమాను పనివాళ్లు కాదు. అలాగని మిగిలిన చెట్లను కాపాడే హక్కు బ్రెజిల్‌కు లేదనీ అనలేం.

2007లో ఈ చెట్టు సైటీస్ రెండో అనుబంధంలో చేరింది, అప్పట్లో దుంగలు, పలకలు, కమానుల కోసం సగం పని చేసిన ముక్కలకే అనుమతి కావాలన్నారు. 2022 మార్పుతో బ్రెజిల్ నుంచి మొదటిసారి బయటికి వెళ్లే తయారైన కమానుకు కూడా అనుమతి అవసరమైంది. ఇతర దేశాల మధ్య తిరిగే తయారైన కమానులకు మినహాయింపు ఉంచారు. మొదటి అనుబంధంలోకి వెళ్తే ఆ మినహాయింపు పోయి, ప్రతి కచేరీ యాత్రకూ కాగితాలు కావాల్సి వస్తుంది, అమ్మకం దాదాపు అసాధ్యమవుతుంది. ఫ్రెంచ్ పనివాళ్ల భయం అదే. తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు, శేషాచలం ఎర్రచందనం కూడా సైటీస్ రెండో అనుబంధంలోనే ఉంది. అక్కడా ఎర్రటి చేవ, విదేశీ గిరాకీ, జపాన్‌లో షామిసెన్ వాద్యం కాడల కోసం వాడకం, దొంగనరుకుడు, కట్టుదిట్టాలు, అన్నీ ఉన్నాయి.

కమాను పనివాళ్లే చందాలు వేసుకుని 2000 ప్రాంతం నుంచి బ్రెజిల్‌లో పెర్నాంబుకో మొక్కలు నాటిస్తున్నారు. చెట్టు కమానుకు పనికొచ్చే చేవ పట్టడానికి కనీసం ముప్పై ఏళ్లు కావాలి. నాటిన చెట్లను నరకడానికి చట్టం ఎలా ఒప్పుకుంటుందన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న. ఈలోగా పాత నిల్వలు ఉన్నవాళ్లు వాటితో నెట్టుకొస్తున్నారు, కొత్తగా వర్క్‌షాపు పెట్టే కుర్రాడికి ఆ నిల్వ లేదు. 1971లో గురువు కొరత ఉండేది, ఇప్పుడు సరుకు కొరత. కార్బన్ ఫైబర్ కమానులు విద్యార్థుల స్థాయిలో చవక చెక్క కమానుల కంటే మెరుగ్గా ఉన్నాయని చాలామంది గురువులు ఒప్పుకుంటున్నారు, పై స్థాయిలో మాత్రం వాద్యకారులు ఇంకా చెక్కనే అడుగుతున్నారు. చవక సరుకు కార్బన్‌కు వదిలేసి, ఉన్న కొద్ది పెర్నాంబుకోను చేయి తిరిగిన పనివాళ్లకు మిగల్చడం అన్నిటికంటే ఆచరణ సాధ్యమైన దారిగా కనిపిస్తోంది.

తెలుగు ఫిడేలు వాద్యకారుల వరకు వస్తే

పంతొమ్మిదో శతాబ్దంలో కర్ణాటక సంగీతంలోకి ఫిడేలు వచ్చినప్పుడు దానితో పాటు వచ్చింది తూర్త్ తరహా కమానే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి విజయనగరం నుంచి ఇప్పటి డల్లాస్ సంగీత తరగతుల దాకా పట్టుకునే కమాను ఆకారం పారిస్‌లో కుదిరినదే. మన దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం వేరే రకం ఎర్రచెక్కతోనో కార్బన్ ఫైబర్‌తోనో చేసినవి కాబట్టి పెర్నాంబుకో నియమాలు వాటికి వర్తించవు. విదేశాల్లో చదువుకుంటూ గానీ, కచేరీలు చేస్తూ గానీ పాత ఫ్రెంచ్ కమాను కొనుక్కున్నవాళ్లకు మాత్రం కొన్ని జాగ్రత్తలు అవసరం. పాత కమానుల మొన మీద ఏనుగు దంతం పలక, ఫ్రాగ్‌కు సముద్రపు తాబేలు చిప్ప ఉండే అవకాశం ఉంది. వీటి మీద నియమాలు పెర్నాంబుకో కంటే ఎప్పటి నుంచో కఠినం, విమానాశ్రయంలో కమాను పట్టుబడేది ఎక్కువగా వీటి వల్లే. కొన్న రసీదు, ఏ పదార్థాలతో చేశారో నిపుణుడు రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోవాలి. దంతం పలకను ఎముక పలకతో మార్పించడం అనుభవం ఉన్న పనివాడికి చిన్న పని. సైటీస్ షరతులు సమావేశం సమావేశానికీ మారుతున్నాయి కాబట్టి టికెట్ బుక్ చేసుకునే ముందే, వెళ్లే దేశం, తిరిగి వచ్చే దేశం రెండింటి తాజా నియమాలూ చూసుకోవాలి.